మోచే ముఖాల కూజాలు: ఆ ముఖాలు నిజంగా బతికిన మనుషులవేనా?

చికాగో_శ్రీను
మ్యూజియం వాళ్లు ఒక మట్టి కూజా పక్కన "పాలకుడి ముఖం" అని రాస్తే, అది నిజంగా ఒక పాలకుడిదే అని ఎలా నమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఇక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పెరూ ఉత్తర తీరం నుంచి వచ్చిన కూజా ఒకటి ఉంది. మోచే అనే జనం చేసింది, క్రీ.పూ. 100 నుంచి క్రీ.శ. 500 మధ్యదని రాశారు. అడుగు ఎత్తు పైనే ఉంటుంది. కూజా మొత్తం ఒక మగమనిషి తలే. తలపాగా, చెవులకి లావుపాటి గొట్టాల్లాంటి ఆభరణాలు, ముఖం మీద రంగు ఆనవాళ్లు. పెదవులు బిగించిన తీరు చూస్తే ఎవరికో ఆర్డరు వేసి జవాబు కోసం ఆగినట్టుంటుంది. తల మీంచి రెండు గొట్టాలు వంపు తిరిగి లేచి, పైన కలిసి ఒకే మూతి అవుతాయి.

ఆ జనానికి రాత లేదట. రాత లేదంటే శాసనం లేదు, పేరు లేదు. మరి పాలకుడని ఎవరు చెప్పారు? కుమ్మరి తన ఊహలోంచి ఒక మంచి ముఖం చేసి ఉండొచ్చు కదా.

సందేహాల_సత్యం
నాదీ అదే డౌటు. ఎక్కడ గంభీరమైన ముఖం కనిపించినా రాజు, ఎక్కడ ఆడబొమ్మ కనిపించినా దేవత. రాత లేని చోట ఆధారం ఏమిటో చెప్పకుండా బిరుదు తగిలించకూడదు.

రెండోషిఫ్ట్
మోచేనా, ఇంకాలా? పెరూ అంటే నాకు ఇంకాలే తెలుసు.

తవ్వకాల_పిచ్చి
@రెండోషిఫ్ట్ ఇంకాలకి చాలా ముందు. మోచేలు సుమారు క్రీ.శ. 100 నుంచి 800 దాకా ఉన్నారు. ఇంకా సామ్రాజ్యం 15వ శతాబ్దంది. మన దగ్గర విజయపురిలో ఇక్ష్వాకులు స్తూపాలు కట్టిస్తున్న కాలంలో అక్కడ వీళ్లు ఎడారిలో కాలవలు తవ్వి మొక్కజొన్న పండిస్తున్నారు. ఇప్పటి త్రుహీయో ఊరి పక్కన హువాకా దెల్ సోల్ అని వాళ్లు కట్టిన మట్టి ఇటుకల గుట్ట ఉంది. దానికి పదమూడు కోట్లకి పైగా ఇటుకలు పట్టాయని అంచనా.

ఇక శ్రీను గారి ప్రశ్న. రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, విడదీద్దాం. ఒకటి, ఇది ఫలానా మనిషి ముఖమా? రెండు, ఆ మనిషి పాలకుడా? మొదటిదానికి ఆధారం గట్టిగా ఉంది. రెండోదానికి అంత లేదు.

మొదటిదాని సంగతి చెప్తాను. క్రిస్టఫర్ డొనాన్ అని అమెరికాలో మోచే కళ మీద దశాబ్దాలు పనిచేసిన పరిశోధకుడు ఉన్నారు. ప్రపంచంలోని మ్యూజియంలు, ప్రైవేటు కలెక్షన్లు తిరిగి ఈ ముఖాల కూజాల ఫోటోలు పోగు చేశారు, 900 దాకా. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ముఖం మళ్లీ మళ్లీ రావడం కనిపించింది. వాళ్ల పేర్లు తెలియవు కాబట్టి గుర్తుల్ని బట్టి తనే పేర్లు పెట్టుకున్నారు. ఒకడికి పై పెదవి మీద గాటు మచ్చ ఉంటుంది, అతనికి "తెగిన పెదవి" అని పేరు. ఇతని ముఖాలు నలభైకి పైగా దొరికాయి. మొట్టమొదటిదాంట్లో పదేళ్ల పిల్లాడిలా ఉంటాడు. చివరి వాటిలో ముప్ఫై అయిదు దగ్గర పడిన మనిషి. బుగ్గలు నిండుతాయి, దవడ ముదురుతుంది, తలకట్టు మారుతుంది. మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది.

ఊహలోంచి పుట్టిన ముఖానికి వయసు రాదు కదా.

చికాగో_శ్రీను
పదేళ్ల వయసు నుంచా!! ఇదేదీ అక్కడ రాయలేదండీ. రాసి ఉంటే ఇంకో గంట నిలబడేవాణ్ణి.

సందేహాల_సత్యం
@తవ్వకాల_పిచ్చి ఒప్పుకోను. నెమలి పింఛం పెడితే కృష్ణుడు. పాకుతున్న బాలకృష్ణుడు ఉన్నాడు, వేణువు పట్టిన కుర్రాడు ఉన్నాడు, రథం మీద పెద్దవాడు ఉన్నాడు. మూడు వయసులు, గుర్తు ఒకటే. అంతమాత్రాన శిల్పి ముందు ఎవరో కూర్చున్నారని అంటామా? ఆ పెదవి మచ్చ కూడా వాళ్ల కథల్లో ఒక వీరుడి గుర్తు అయి ఉండొచ్చు.

విజయ_తెనాలి
సత్యం గారి పాయింటు బాగుంది. దీనికి జవాబు వినాలని ఉంది.

తవ్వకాల_పిచ్చి
మంచి ప్రశ్న. జవాబు మోచే కుండల్లోనే ఉంది. వాళ్ల కథల్లోని దేవుళ్లు, వీరులు వేరే కుండల మీద బోలెడంత మంది ఉన్నారు. వాళ్లని ఎలా చూపించాలో ఒక పద్ధతి ఉంది: నోట్లోంచి కోరలు బయటికి వస్తాయి, నడుముకి పాముల పటకా ఉంటుంది, ఒంటికి గుడ్లగూబ ముఖమో పీత డిప్పో ఉంటుంది. అలాంటి ముఖాలు ఎన్ని చూసినా అచ్చు ఒకేలా ఉంటాయి, మీరన్న నెమలి పింఛం లాగే.

ఈ ముఖాల కూజాల్లో కోరలు లేవు, పాములు లేవు. ఒకడికి ముక్కు పొడుగు, ఒకడికి పెదవి మీద కాస్త మీసం, ఒకడు నవ్వుతుంటాడు, ఒకడికి కళ్ల కింద ఉబ్బు. ముఖం రెండు వైపులా సమానంగా కూడా ఉండదు. దేవుణ్ణి చేసేటప్పుడు కుమ్మరి పద్ధతి పాటించాడు, మనిషిని చేసేటప్పుడు ముఖాన్ని పాటించాడు. ఒకే జనం, ఒకే కాలం, ఒకే మట్టి. ఈ తేడా ఊరికే రాదు.

మట్టిచేతులు
మాది కుమ్మరి కుటుంబం. ఇప్పుడు చవితికి మట్టి వినాయకుళ్లు అచ్చుల్లో తీస్తాం, మిగతా రోజుల్లో కుండలు. ఇన్ని రోజులుగా ఈ వేదిక చదవడమే గానీ రాయలేదు. దీనికి మాత్రం రాయాలనిపించింది.

ఈ కూజాలు సారె మీద చేసినవి కావు. ఐరోపా వాళ్లు వెళ్లేదాకా ఆ ఖండాల్లో కుమ్మరి సారె లేదు. తల భాగం అచ్చులో తీసిందే. ముందు గట్టి మట్టితో తల చేస్తారు. దాని మీద మట్టి అదిమి ముందు సగం, వెనక సగం అచ్చు తీసి కాలుస్తారు. ఆ అచ్చు లోపల చపాతీ మందాన మట్టి పరిచి వేళ్లతో ముక్కులోకి, పెదవుల్లోకి అదుముతారు. రెండు సగాలూ ఇంకా పచ్చిగా ఉండగానే కలిపి అతుకు దగ్గర పల్చటి గుజ్జు మట్టి రాసి నునుపు చేస్తారు. పగిలిన మోచే కుండల ఫోటోలు చూడండి, లోపలి వైపు ఆ అతుకు గీత, వేలి ముద్రలు అలాగే ఉంటాయి. బయట ఎంత నునుపో లోపల అంత గరుకు.

కష్టమంతా ఆ పైన గొట్టంలో ఉంది. మట్టిని పుల్ల చుట్టూ చుట్టి గొట్టం చేసి, వంచి, రెండు చివర్లూ తలకి అతికించాలి. వంచేటప్పుడు తడి ఎక్కువైతే నలుగుతుంది, తక్కువైతే పగులుతుంది. తల ఆరే వేగం, గొట్టం ఆరే వేగం ఒకటి కాదు, నీడలో మెల్లగా ఆరబెట్టకపోతే అతుకు దగ్గరే విడిపోతుంది. ఆరాక తెల్లటి పూత, మన జాజు లాంటి ఎర్ర పూత వేసి, నున్నటి రాయితో రుద్దుతారు. ఆ మెరుపు రాయిదే. గాలి బాగా ఆడేలా కాలిస్తే ఎరుపు, పొగ కమ్మేస్తే నలుపు. మా ఆవంలోనూ అంతే.

విజయ_తెనాలి
@మట్టిచేతులు రాసినందుకు చాలా థాంక్స్ అన్నా. ఆ రెండు గొట్టాల వల్ల లాభం ఏమిటి? కడగడానికి కూడా రాదు కదా.

మట్టిచేతులు
@విజయ_తెనాలి ఒక గొట్టంలోంచి నీళ్లు దిగుతుంటే రెండో గొట్టంలోంచి గాలి పోతుంది, గుడగుడ లేకుండా నిండుతుంది. వంచినప్పుడూ అంతే. మూతి సన్నం కాబట్టి తొణకదు, త్వరగా ఆవిరి కాదు. పైగా అదే పిడి, వేలు దూర్చి మోయొచ్చు.

సందేహాల_సత్యం
సరే, అచ్చు అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఒక అచ్చులోంచి నలభై తీయొచ్చు. అప్పుడు నలభై కూజాలంటే ఒకే బొమ్మకి నలభై కాపీలు. దాన్ని నలభై సార్లు చూసి చేసినట్టు లెక్కేస్తే ఎలా?

మట్టిచేతులు
కాపీలు ఉన్నాయి సార్, కాదనను. కానీ అచ్చు ఒకటైతే ముఖం కొలత ఒకటే ఉండాలి. పదేళ్ల పిల్లాడి అచ్చులోంచి పెద్దవాడు రాడు. వయసు మారిన ప్రతిసారీ కొత్త తల చేసి కొత్త అచ్చు తీయాల్సిందే. అంటే ఆ మనిషి పెరుగుతుంటే ఎవరో ఒకరు చూస్తూ ఉన్నారు.

తవ్వకాల_పిచ్చి
అదీ లెక్క. ఇంకో సంగతి, ఒకే అచ్చులోంచి తీసిన కూజాలకి కూడా రంగులు, తలపాగా నమూనాలు వేరువేరుగా వేశారు. చాలా కూజాలకి అరుగుదల గుర్తులున్నాయి. అంటే సమాధిలో పెట్టడానికే చేసినవి కావు, ముందు వాడారు. మొక్కజొన్న కల్లు, అదే చిచా, పోసుకుని ఉంటారని ఎక్కువమంది అభిప్రాయం.

పల్లీపట్టీ
మొక్కజొన్న కల్లు సరే, నంచుకోవడానికి ఏమిటో?

ఓరుగల్లు_పిల్ల
@పల్లీపట్టీ నీ పేరులోనే ఉంది. పల్లీలు! వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికానే. మోచేలు పల్లికాయ ఆకారంలో కూడా కూజాలు చేశారు. పెరూ ఉత్తర తీరంలో సిపాన్ అనే ఊళ్లో సమాధిలో దొరికిన మోచే ప్రభువు మెడలో పల్లికాయల హారం ఉంది, పది బంగారు కాయలు, పది వెండి కాయలు. కుడివైపు బంగారం, ఎడమవైపు వెండి.

పల్లీపట్టీ
ఈ మాట మా అనంతపురంలో చెప్తే రేపే హారం ఆర్డరిస్తారు.

డాక్టరమ్మ_నెల్లూరు
నేను చర్మవ్యాధుల డాక్టర్ని. ఈ కుండల గురించి మొదట నాకు తెలిసింది వైద్య పత్రికలోనే. మోచే కుమ్మరులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముఖాలే కాదు, జబ్బు ముఖాలు కూడా చేశారు. ఒక కన్ను పోయినవాళ్లు, గుడ్డివాళ్లు, పుట్టుకతో పెదవి చీలినవాళ్లు, కాలు తీసేసినవాళ్లు. కొన్ని ముఖాల్లో ముక్కు కొన, పై పెదవి తినేసినట్టు పోయి ఉంటాయి. అవి చూస్తే మా వాళ్లకి వెంటనే లీష్మేనియా గుర్తొస్తుంది. ఆండీస్ పల్లెల్లో దాన్ని ఊతా అంటారు, ఇసుక ఈగ కుడితే వస్తుంది. మన దేశంలో బీహార్ వైపు వచ్చే కాలా అజార్ కూడా ఈ కుటుంబపు జబ్బే.

కొందరు పరిశోధకులు మాత్రం ఇది జబ్బు కాదు, శిక్షగానో పూజలో భాగంగానో ముక్కు, పెదవి కోసినదని అంటారు. నేను చూసిన ఫోటోల్లో కొన్నిటికి అంచు ఎగుడుదిగుడుగా ఉంది, కొన్నిటికి తిన్నగా ఉంది. రెండూ జరిగి ఉంటాయని నా అభిప్రాయం. ఏదైనా సరే, చూడకుండా చేయగలిగిన ముఖాలు కావు అవి. సత్యం గారూ, ఊహలోంచి ఇంత ఖచ్చితమైన జబ్బు లక్షణం రాదు.

సందేహాల_సత్యం
డాక్టరమ్మ గారి మాట బలంగా ఉంది. ముఖాలు చూసి చేశారన్నది ఒప్పుకోవచ్చు. పాలకుడు అన్న మాటకి మాత్రం ఇంకా ఆధారం చూపలేదు ఎవరూ.

రెండోషిఫ్ట్
ఆడవాళ్ల ముఖాలు లేవా? అందరూ మగవాళ్ల ముఖాల గురించే చెప్తున్నారు.

ఓరుగల్లు_పిల్ల
@రెండోషిఫ్ట్ ఆడవాళ్ల బొమ్మల కుండలు ఉన్నాయి. బిడ్డని ఎత్తుకున్నవాళ్లు, ప్రసవం అవుతున్నవాళ్లు, మూట మోస్తున్నవాళ్లు. కానీ ఇలా ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగే నిజమైన ముఖం ఎదిగిన ఆడదానిది లేదు. మగవాళ్లు, కొంతమంది మగపిల్లలు, అంతే.

నాకు ఇది మింగుడుపడదు. ఎందుకంటే ఆడవాళ్లకి అధికారం లేదని కాదు. 2006లో ఎల్ బ్రుహో అనే చోట హువాకా కావో వియెహో అనే మోచే గుట్టలో ఒక యువతి సమాధి బయటపడింది, కావో దొరసాని అంటారు. చేతుల మీద పాములు, సాలీళ్ల పచ్చబొట్లు. పక్కన యుద్ధపు గదలు, ఈటె విసిరే సాధనాలు. సాన్ హోసే దె మోరోలో పూజారిణుల సమాధులు దొరికాయి. ఇంత హోదా ఉన్నవాళ్ల ముఖాలు ఎందుకు చేయలేదు? అంటే ఈ కూజాలు హోదా కోసం చేసినవి కావు, మగవాళ్లు మాత్రమే చేసే ఏదో పనికి సంబంధించినవి.

తవ్వకాల_పిచ్చి
@ఓరుగల్లు_పిల్ల సరిగ్గా అక్కడికే వస్తున్నాను. ఇది చదివాక శ్రీను గారికి ఆ కూజా ఇంకోలా కనిపిస్తుంది.

డొనాన్ గుర్తించిన మనుషుల్లో కొందరు వేరే కుండల మీద బందీలుగా కనిపిస్తారు. ఒంటి మీద బట్ట లేదు, మెడలో తాడు, చేతులు వెనక్కి విరిచి కట్టారు. చెవి ఆభరణాలు తీసేశారు, ఖాళీ చిల్లులు కనిపిస్తాయి. మోచే కుండల మీద గీసిన బొమ్మల్లో తర్వాత జరిగేది ఉంది: యోధులు గదలతో తలపడతారు, ఓడినవాడి జుట్టు పట్టుకుంటారు, ఊరేగింపుగా తీసుకెళ్తారు, గొంతు కోసి రక్తాన్ని పాత్రలో పట్టి ముఖ్యుడికి ఇస్తారు. ఇదంతా కథ అనుకున్నారు చాలాకాలం.

1995లో స్టీవ్ బూర్జే అనే పురావస్తు పరిశోధకుడు, హువాకా దెల్ సోల్ దగ్గరే ఉన్న మోచేల గుడి హువాకా దె లా లూనాలో ఒక ఆవరణ తవ్వితే మనుషుల ఎముకలు బయటపడ్డాయి, 70 మందికి పైగా. అందరూ యువకులూ నడివయసు మగవాళ్లూ. చాలామందికి పాత ఎముక విరుగుళ్లు మానిన గుర్తులున్నాయి, అంటే పోరాటం అలవాటున్నవాళ్లు. మెడ ఎముకల మీద కత్తి గాట్లు. వాళ్ల మధ్య కాల్చని మట్టితో చేసిన బందీల బొమ్మలు, కావాలని పగలగొట్టినవి. కొన్ని శవాలు వాన బురదలో కూరుకుపోయి ఉన్నాయి. అది ఎడారి, అక్కడ అంత వాన పడేది ఎల్ నీన్యో ఏడాదిలోనే.

డొనాన్ అనేది ఏమిటంటే, ఈ ముఖాల మనుషుల్లో చాలామంది అలాంటి పోరాటాల్లో పాల్గొన్న యోధులు, కొందరు చివరికి బలి అయ్యారు.

చికాగో_శ్రీను
అంటే పదేళ్లప్పటి నుంచి ముఖం చేయించుకుంటూ వచ్చి, చివరికి...

విజయ_తెనాలి
చదువుతుంటే ఒళ్లు జలదరించింది. తమవాళ్లనే ఇలా చేశారా, శత్రువులనా?

తవ్వకాల_పిచ్చి
@విజయ_తెనాలి ఇక్కడే పరిశోధకులు రెండు వర్గాలు. ఒక వర్గం, ఇది ఊళ్లోని పెద్ద కుటుంబాల మధ్య పూజ కోసం జరిగే పోరాటం, ఓడినవాడు బలి అంటుంది. బొమ్మల్లో ఇద్దరు యోధులూ ఒకే రకం బట్టలు, ఆయుధాలతో ఉంటారు కాబట్టి. రెండో వర్గం, వీళ్లు పక్క లోయల నుంచి పట్టుకొచ్చిన యుద్ధఖైదీలు అంటుంది. 2005లో సటర్, కోర్తెజ్ అనే ఇద్దరు బలి అయినవాళ్ల పళ్ల ఆకృతిని స్థానికుల పళ్లతో పోల్చి, వీళ్లు ఊరివాళ్లు కారని తేల్చారు. డీఎన్ఏ చూసినవాళ్లు స్థానికులతో సంబంధం ఉందన్నారు.

నా అభిప్రాయం అడిగితే, రెండూ కాలాన్ని బట్టి జరిగాయి. కొన్ని వందల ఏళ్లపాటు సాగిన ఆచారం ఒకేలా ఉండదు.

ఓరుగల్లు_పిల్ల
నేను మొదటి వర్గమే. పరాయివాడైతే పదేళ్ల వయసు నుంచి అతని ముఖం మన కుమ్మరి ఎలా చేస్తాడు? మీ తెగిన పెదవి కచ్చితంగా ఊరివాడే.

సందేహాల_సత్యం
@ఓరుగల్లు_పిల్ల ఈ వాదన నాకు నచ్చింది. అయితే దీంతో మ్యూజియం లేబుల్ పడిపోయినట్టే. పాలకుడు కాదు, యోధుడు.

తవ్వకాల_పిచ్చి
@సందేహాల_సత్యం రెండూ ఒకరే అయి ఉండొచ్చు. సిపాన్ ప్రభువు సమాధిలో గదలు, ఈటెలు ఉన్నాయి. మోచేల్లో పెద్ద కుటుంబంవాడే యోధుడు. లేబుల్ రాసేవాళ్లు "పెద్ద హోదా మనిషి" అని ఆగితే సరిపోయేది.

డాలస్_మూర్తి
ఆలస్యంగా వచ్చాను, థ్రెడ్ మొత్తం చదివాను. ఒక ఆన్‌లైన్ వేలంలో ఇలాంటిదే ఒకటి చూశాను. చిన్నది, గొట్టం అతికించి రిపేరు చేసిందట. నిజమైనదని సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. రేటు నాకు అందుబాటులోనే ఉంది. ఇవన్నీ చదివాక ఇంకా కొనాలనిపిస్తోంది. మీ సలహా?

ఓరుగల్లు_పిల్ల
వద్దు.

తవ్వకాల_పిచ్చి
మూర్తి గారూ, దయచేసి వద్దు. ఎందుకో పూర్తిగా చెప్తాను.

ఆ 900 ముఖాల్లో చాలావరకు దొంగ తవ్వకాల్లో బయటికి వచ్చినవే. ఏ సమాధిలో, ఎవరి పక్కన, ఇంకే వస్తువులతో దొరికాయో నమోదు లేదు. శ్రీను గారు మొదట అడిగిన ప్రశ్నకి, పాలకుడా కాదా అన్నదానికి, జవాబు ఆ సమాధిలో ఉండేది. తవ్విన రాత్రే ఆ జవాబు పోయింది. తెగిన పెదవి ముఖాలు నలభై చూసి కూడా అతని సమాధి ఎక్కడుందో చెప్పలేకపోవడానికి కారణం అదే. ఇది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

1987 ఫిబ్రవరిలో సిపాన్‌లో దొంగలు ఒక సమాధిలోకి దూరి బంగారం ఎత్తుకెళ్లారు. పోలీసులు వాల్టర్ ఆల్వా అనే పెరూ పురావస్తు పరిశోధకుడికి కబురు చేశారు. ఆయన వెళ్లి అక్కడే మకాం వేసి, దొంగల చేయి పడని సమాధిని తవ్వి తీశారు. వెయ్యికి పైగా కుండలు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రభువు చుట్టూ ఎవరెవరున్నారో, ఏ వస్తువు ఏ చేతికి ఉందో అన్నీ తెలిశాయి. కుండల మీద గీసిన బలి పూజలో ముఖ్యుడి వేషం ఈ మనిషి ఒంటి మీద ఉంది. అంతవరకూ కథ అనుకున్నది నిజమని అక్కడే తేలింది. ఒక సమాధి చెడిపోకుండా దొరికితే అంత తెలిసింది. పోయినవాటితో ఎంత పోయిందో ఊహించండి.

డాలస్_మూర్తి
అర్థమైంది. కానీ ఇది ఎప్పుడో బయటికి వచ్చేసింది కదండీ. నేను కొనకపోతే ఇంకొకరు కొంటారు. నా దగ్గరుంటే కనీసం జాగ్రత్తగా ఉంటుంది.

విజయ_తెనాలి
@డాలస్_మూర్తి ప్రకాశం జిల్లా చందవరంలో బౌద్ధ శిల్పం పోయి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది, గుర్తుందా? 2016లో తిరిగి ఇచ్చారు. అక్కడా జాగ్రత్తగానే ఉంచారు, ఏసీ గదిలో. మనకి బాధ వేయలేదా? పెరూ వాళ్లకీ అంతే.

కృష్ణాతీరం
నేను ఇక్కడ లాయర్ని, పెరూ చట్టంలో నిపుణుణ్ణి కాదు గానీ మోటుగా చెప్తాను. పెరూలో 1929 నుంచే చట్టం ఉంది, భూమిలో ఉన్న పాత వస్తువులు ప్రభుత్వానివి. సిపాన్ దోపిడీ తర్వాత 1990లో అమెరికా ఆ ప్రాంతపు వస్తువుల దిగుమతి ఆపింది. 1997లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాక ఆంక్షలు మిగతా పెరూ వస్తువులకీ వచ్చాయి. అదే ఏడాది సిపాన్ నుంచి పోయిన బంగారు కవచం ముక్క ఒకటి ఎఫ్‌బీఐ పట్టుకుని తర్వాత పెరూకి అప్పగించింది. కాబట్టి మూర్తి గారూ, ముందు ఒక పని చేయండి. ఎప్పుడు పెరూ దాటిందో కాగితం చూపించమని అడగండి. సర్టిఫికెట్ వేరు, కాగితం వేరు.

డాలస్_మూర్తి
అడిగాను. జవాబు వచ్చింది: "ఐరోపాలో ఒక పాత ప్రైవేటు కలెక్షన్." అంతే. పేరు లేదు, సంవత్సరం లేదు. థర్మోలూమినెసెన్స్ టెస్టు చేయించాం, పాతదే అని రిపోర్టు ఇస్తామన్నారు. అది నమ్మొచ్చా?

తవ్వకాల_పిచ్చి
ఆ టెస్టు ఏం చెప్తుందో చెప్తాను. మట్టిలోని స్ఫటికాలు చుట్టూ ఉన్న స్వల్ప రేడియేషన్ వల్ల ఏళ్ల తరబడి శక్తి పోగు చేసుకుంటాయి. ఆవంలో కాల్చినప్పుడు అది సున్నా అవుతుంది, మళ్లీ పోగవడం మొదలవుతుంది. ల్యాబ్‌లో అడుగు నుంచి చిటికెడు పొడి తీసి వేడి చేస్తే ఆ శక్తి వెలుగుగా బయటికి వస్తుంది. వెలుగు ఎంతో దాన్నిబట్టి ఎంతకాలం కింద కాల్చారో తెలుస్తుంది. నిన్న చేసిందా, వెయ్యేళ్ల పైబడిందా అన్నది తేల్చడానికి మంచి టెస్టు.

అయితే పొడి ఎక్కణ్ణుంచి తీశారో అక్కడి సంగతే అది చెప్తుంది. పాత అడుగు భాగానికి కొత్త ముఖం అతికించి అమ్మేవాళ్లున్నారు. "గొట్టం రిపేరు" అన్నారు చూడండి, అక్కడ ఇంకా జాగ్రత్త. రఫాయేల్ లార్కో ఓయ్లే అనే పెరూ పరిశోధకుడు మోచే కుండల్ని అయిదు దశలుగా విడగొట్టింది ఈ గొట్టం, మూతి ఆకారం చూసే. మొదటి దశలో పొట్టిగా, మూతి అంచు ఉబ్బెత్తుగా ఉంటుంది. నాలుగో దశకి పొడుగ్గా నిటారుగా అవుతుంది. అయిదో దశలో పైకి పోనుపోను సన్నబడుతుంది. ముఖాల కూజాలు ఎక్కువగా నాలుగో దశవి. ఉత్తరపు లోయల్లో ఈ లెక్క కుదరదని తర్వాత తవ్వినవాళ్లు చూపించారు గానీ, దక్షిణాన ఇప్పటికీ పనికొస్తుంది. గొట్టమే కొత్తదైతే ఆ గుర్తు కూడా పోయినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, టెస్టులో పాతదని తేలితే దోపిడీ సొత్తు కాదని అర్థం కాదు. నిజమైనదైతేనే దోపిడీ అయ్యే అవకాశం ఎక్కువ.

మట్టిచేతులు
మూర్తి గారూ, షోకేసులో పెట్టుకోవడానికైతే అక్కడి కుమ్మరులు ఇప్పుడు చేసినవి కొనండి. త్రుహీయో చుట్టుపక్కల ఇవే ముఖాలు పాత పద్ధతిలోనే అచ్చుతీసి చేసేవాళ్లున్నారు. అడుగున తమ పేరు వేసి అమ్ముతారు. డబ్బు బతికున్న కుమ్మరికి అందుతుంది.

డాలస్_మూర్తి
వేలం నుంచి తప్పుకున్నాను. కాగితం లేనిదాన్ని ఇంట్లో పెట్టుకుంటే రేపు మా అమ్మాయికి ఏం చెప్తాను? @మట్టిచేతులు మీ మాటే పాటిస్తాను. వచ్చే ఏడాది లీమా వెళ్లే ఆలోచన ఉంది.

ఓరుగల్లు_పిల్ల
@డాలస్_మూర్తి మంచి పని చేశారు. లీమా వెళ్తే లార్కో మ్యూజియం వదలొద్దు, పుయెబ్లో లీబ్రె పేటలో ఉంటుంది. 1926లో పెట్టారు, 45 వేల దాకా వస్తువులున్నాయి. దాని గోదాం కూడా జనానికి తెరిచే ఉంటుంది. నేల నుంచి కప్పుదాకా అద్దాల బీరువాలు, ఒక వరస మొత్తం ముఖాలే. నవ్వే ముఖాలు ఒక చోట, కన్ను లేనివి ఒక చోట. పిల్లలతో వెళ్తే ఒక మాట, శృంగారపు కుండల గది విడిగా ఉంది, ముందే చూసుకోండి.

పల్లీపట్టీ
ఆ గది సంగతి మరీ గట్టిగా చెప్పకండి, మూర్తి గారు టికెట్ ముందుకు జరుపుకుంటారు.

డాక్టరమ్మ_నెల్లూరు
@ఓరుగల్లు_పిల్ల ఆ గోదాంలో ముక్కు పోయిన ముఖాలు ఒకే చోట ఉన్నాయా? అంచులు దగ్గరగా కనిపించే ఫోటోలు మీ దగ్గరుంటే పెట్టండి. నాలుగైదు చాలు.

ఓరుగల్లు_పిల్ల
@డాక్టరమ్మ_నెల్లూరు ఉన్నాయి, అద్దం మెరుపు వల్ల కొన్ని సరిగ్గా రాలేదు. బాగున్నవి ఏరి సాయంత్రం పెడతాను. మ్యూజియం కేటలాగ్ మొత్తం ఆన్‌లైన్‌లో ఉంది, అందులో ఒక్కో కుండకి నాలుగు వైపుల ఫోటోలు దొరుకుతాయి.

చికాగో_శ్రీను
ఇంకో ప్రశ్న. అదే గదిలో రెండు పొట్టలున్న కూజా ఒకటి ఉంది, ఒక పొట్ట మీద పక్షి. ఊదితే ఈల వస్తుందని పక్కనున్నాయన అన్నాడు. నిజమేనా?

మట్టిచేతులు
ఊదక్కర్లేదు సార్. రెండు పొట్టలకీ మధ్యలో గొట్టం ఉంటుంది. సగం నీళ్లు పోసి ఒక వైపుకి వంచితే నీళ్లు రెండో పొట్టలోకి పోయి అక్కడి గాలిని తోస్తాయి. ఆ గాలి పక్షి తలలో దాచిన చిన్న ఈల గుండా పోతుంది, కూత వస్తుంది. మోచేలకి ముందున్నవాళ్లూ, తర్వాత అదే తీరంలో బతికిన చిమూ జనమూ ఇవి చాలా చేశారు. ఒకటి చేసి చూద్దామని మొదలుపెట్టాను, ఈల రంధ్రం కోణం ఇంకా కుదరలేదు. కుదిరాక వీడియో పెడతాను.